మా పెద్దమనిషికి ఆపరేషన్

ఇంట్లో ఒక కుందేలు ఉండటం అదృష్టం. ఆ కుందేలుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల్సి రావడం అంతకు మించిన అదృష్టం!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. మనిషి బాగుపడటానికి మార్కెట్లో ఎన్ని మార్గాలున్నాయో మీకు తెలియంది కాదు. ధ్యానం క్లాసులున్నాయి, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులున్నాయి, తెల్లవారుజామునే లేచి ఐసు నీళ్ళలో మునిగే బృందాలున్నాయి. వాటికి వెళ్ళొచ్చిన మిత్రులను దగ్గర్నుంచి పరిశీలించాను. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చారు. కుందేలును బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళిన నేను మాత్రం వెళ్ళినట్టు తిరిగిరాలేదు.

ఎలా తిరిగొచ్చానో చెబుతాను. ముందు కుందేలు సంగతి వినండి.

రెండేళ్ళ కిందట మా చిన్నమ్మాయి ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. "వారం రోజులే నాన్నా, మా ఫ్రెండ్‌ది" అంది. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా అమ్మాయి చదువుకని హాస్టల్‌కు వెళ్ళిపోయింది. కుందేలు వెళ్ళలేదు.

బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట. గడ్డం కింద కండ మడతపడేలా మెడ లోపలికి లాక్కుని, ముందరి కాళ్ళు చాపి, హాలు మధ్యలో కూర్చునేది. ఎవరేం మాట్లాడినా వినేది. దేనిమీదా అభిప్రాయం చెప్పేది కాదు. సభల్లో అధ్యక్షుడి కుర్చీలో కూర్చునేవాళ్ళు అచ్చం ఇలాగే ఉంటారు. అందుకని నేనే దానికి "పెద్దమనిషి" అని పేరు పెట్టాను.

అది మగదని ఎవరు చెప్పారంటారా? ఎవరూ చెప్పలేదు. ఒకరు చెప్పాలా? అంత గంభీరంగా, ఇంట్లో పుల్ల తీసి అవతల పెట్టకుండా, వేళ తప్పకుండా తిండి తన ముందుకు వచ్చి తీరుతుందన్న ధీమాతో కూర్చునే ప్రాణి మగది కాక ఇంకేమవుతుంది?

మా ఆవిడ మాత్రం మొదటిరోజే, "నాకెందుకో ఆడదనిపిస్తోందండీ" అంది.

"ఏం చూసి?"

"మీరు మాట్లాడుతుంటే అది వింటోంది కదా!"

నేను పట్టించుకోలేదు. పాతికేళ్ళుగా పత్రికలో వారం వారం లోకానికి సలహాలిస్తున్నవాణ్ణి. ఒక కుందేలు ఆడో మగో తెలియనివాణ్ణా నేను?

పెద్దమనిషి వల్ల మా కుటుంబానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ఇంటర్నెట్ వైరు కొరికింది. ఆ మూడు రోజులూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు కొత్త కళ్ళజోడు వచ్చి ఏడాది అయిందని ఆవిడకూ, ఆవిడ జుట్టు కత్తిరించుకుందని నాకూ అప్పుడే తెలిసింది. నా ఫోను ఛార్జరు కొరికింది. మా ఇంటికొచ్చి రెండు గంటలు కదలకుండా కూర్చునే ఒక రచయిత చెప్పు కొరికింది. ఆయన మళ్ళీ రాలేదు. ఇంతటి సేవ ఏ ప్రభుత్వం చేస్తుంది చెప్పండి?

అలాంటి పెద్దమనిషి పోయిన నెలలో ఒక ఉదయం వింతగా తయారైంది.

నా పుస్తకాల బీరువా కింది అరలో నా వ్యాసాల కత్తిరింపులు ఫైళ్ళలో భద్రంగా దాచుకున్నాను. అది ఆ అరలో దూరింది. కాగితాలు చించింది. చించినవాటిని పళ్ళతో అడ్డంగా పట్టుకుని, పెద్ద మీసాలు పెట్టుకున్నట్టు ఇటూ అటూ తిరిగింది. ఓ మూల పోగేసింది. ఆ తర్వాత చేసిన పని వినండి. తన పొట్ట మీదా గొంతు కిందా ఉన్న బొచ్చును తనే నోటితో పీక్కుని, ఆ కాగితాల మీద పరవడం మొదలుపెట్టింది! దగ్గరికి వెళితే గుర్రుమంది.

నా వ్యాసాలు చదివి మతి పోయిందనుకున్నాను. తమకు అలాగే అయిందని ఇంతకుముందు కొందరు పాఠకులు ఉత్తరాలు రాసి ఉన్నారు.

మా ఆవిడ చేతిలో గరిటెతోనే వచ్చి వంగి చూసింది. "గూడు కట్టుకుంటోంది పాపం" అంది. అంతే అంది. గరిటె పక్కన పెట్టి బుట్ట వెతకడానికి వెళ్ళింది.

కుందేలును బుట్టలో పెట్టడం గురించి ఒక్క మాట. ఒక చెవులపిల్లి, ఇద్దరు మనుషులు, ఒక సోఫా. నలభై నిమిషాలు! జిమ్ముకు వెళ్ళేవాళ్ళ మీద నాకు జాలేస్తుంది. సోఫా కింద బోర్లా పడుకుని, చెయ్యి చాపి, "రా తల్లీ... రా నాన్నా... రా వెధవా" అంటూ మూడు రకాల సంబోధనలూ వాడి, చివరికి తుమ్ముతూ బయటికొచ్చినవాడికి ఇంకే వ్యాయామమూ అక్కర్లేదు.

ఆసుపత్రి మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక టైలరు షాపుకూ ఒక జిరాక్స్ షాపుకూ మధ్య ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, నేలమీద కుక్కల్ని తూచే మిషను, ఎంత కడిగినా పోని ఫినాయిల్ వాసన. కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు రాస్తూ అడిగింది.

"పేషెంటు పేరు?"

"పెద్దమనిషి."

ఆ అమ్మాయి తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "మీ గురించి కాదు సార్. పేషెంటు పేరు అడిగాను."

నా ఫోటో ప్రతివారం పత్రికలో వస్తుంది. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ఎవరో ఒకరు "మీరు ఫలానా కదూ" అంటారని ఓ పక్కకు తిరిగి కూర్చోవడం నాకలవాటు. ఆ పక్క నుంచి చూస్తే ఫోటోలో లాగే ఉంటాను. ఆ హాల్లో కూడా అలాగే కూర్చున్నాను. పావుగంటకు ఒకాయన మొహమాటపడుతూ దగ్గరికొచ్చాడు.

"మీరు... కుందేలు నాన్నగారు కదూ? కాస్త జరిగితే మావాణ్ణి కూర్చోబెడతాను."

మావాడంటే ఒక కుక్క. దూడంత ఉంది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారట. "ఏం పెట్టినా తినడం లేదండీ" అని ఆయన బాధగా చెబుతున్నంతసేపూ వాడు ఆయన జేబులోంచి బిస్కెట్లు తీసుకుని తింటూనే ఉన్నాడు. ఎదుటి కుర్చీలో ఒకావిడ దిండు గలీబులో పిల్లిని వేసుకుని, తల మాత్రం బయటికి ఉంచి, గలీబు మూతి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ హాల్లో ఎవరి హోదా ఎవరికీ తెలియదు. కుక్క నాన్న, పిల్లి అమ్మ, కుందేలు నాన్న. ఇంతటి సమానత్వం ఇంకెక్కడైనా చూశారా?

డాక్టరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. పెద్దమనిషిని తువ్వాలులో చుట్టి, ఒక్క తిప్పు తిప్పి చూసింది.

"ఆడది" అంది.

నేను రెండేళ్ళుగా చెబుతున్నదాన్ని ఆ పిల్ల రెండు సెకండ్లలో కొట్టిపారేసింది! గడ్డం కింద ఆ కండ మడత ఆడకుందేళ్ళకే అంత పెద్దగా వస్తుందట. నేను దాన్నే అధ్యక్ష లక్షణం అనుకున్నాను. ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయిన సంగతి తండ్రికే అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది. నా కేసులో మరీ ఆలస్యమైంది.

"తల్లిని కాబోతున్నాననుకుంటోందండీ. కడుపేమీ లేదు, అదో భ్రమ. ఒంట్లో మార్పుల వల్ల అలా గూడు కట్టుకుంటాయి" అని డాక్టరు చెప్పింది. ఆడకుందేళ్ళకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో గడ్డలొచ్చే ప్రమాదం చాలా ఎక్కువనీ, ఇప్పుడే తీసేస్తే మంచిదనీ అంది.

"పెద్ద ఆపరేషనా?" అన్నాను.

"మగదైతే పది నిమిషాల పనండీ. సాయంత్రానికి తిరిగేస్తుంది. ఆడదానికి పొట్ట కొయ్యాలి కదా. మత్తు, కుట్లు, నొప్పి, పది రోజుల విశ్రాంతి."

అప్పటిదాకా బుట్ట హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ మెల్లగా అడిగింది. "మనుషుల్లో కూడా అంతేనా డాక్టరుగారూ?"

"అంతేనండీ. మగవాళ్ళకి చాలా చిన్న పని."

"అలాగా!" అని ఆవిడ నా వైపు చూసింది.

గోడమీద కుక్కల జాతుల చార్టు ఒకటి ఉంది. అందులో నలభై రెండు జాతులున్నాయి. అన్నీ చదివాను.

ఆపరేషన్ రోజున ఒక ఫారం చేతికిచ్చారు. మత్తు వల్ల ప్రాణానికి ప్రమాదం ఉండవచ్చునని తెలిసే ఒప్పుకుంటున్నాను అని రాసి ఉంది. "పేషెంటుతో సంబంధం" అన్నచోట ఒక గీత ఉంది. యజమాని అని రాయబోయాను. చెయ్యి రాలేదు. "తండ్రి" అని రాసి సంతకం పెట్టాను.

మనుషుల్లాగా కుందేళ్ళను ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచకూడదట. వాటి పేగులు ఆగకూడదు. అందుకని లోపలికి తీసుకెళ్ళేదాకా కొత్తిమీర కట్ట పట్టుకుని ఒక్కొక్క కాడే అందించాను. అది తింటూ నా వైపు చూసింది. నమ్మకంగా చూసింది. ఆ చూపుకు నేను తగనని ఆ క్షణంలో నాకు బాగా తెలుసు.

పాతికేళ్ళలో ఒక్క వారం కూడా నా కాలమ్ ఆగలేదు. జ్వరంలో రాశాను, రైల్లో రాశాను. ఆ రోజు మాత్రం ఎడిటరుకు ఫోను చేసి, "ఈ వారం రాయలేనండీ, ఇంట్లో ఆపరేషన్" అన్నాను.

"అయ్యయ్యో! ఎవరికి? మేడంగారికా?"

"కాదు... చిన్నవాళ్ళకి."

"మీరు అక్కడే ఉండండి, కదలొద్దు. పేజీ మేం చూసుకుంటాం" అన్నాడాయన. ఎంత మంచివాడు!

కదల్లేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను. మా ఆవిడ ఫోను చేసి, ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళమంది. నాకు ఆకలి లేదన్నాను. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఫినాయిల్ బకెట్ తెచ్చిన ఆయాకు కూడా లేచి నిలబడ్డాను. డ్రైవింగ్ మాస్టారు మళ్ళీ వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండండి" అన్నాడు. దూడలాంటి వాళ్ళ వాడు కూడా తన తల నా మోకాలి మీద ఆనించాడు. నా జేబులో ఏమీ లేదని తెలిశాక తీసేశాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు డాక్టరు బయటికొచ్చి, "బాగా జరిగిందండీ" అంది. నా కళ్ళలో ఏదో పడింది. పశువుల ఆసుపత్రుల్లో బొచ్చు ఎక్కువ.

వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. పన్నెండు జాగ్రత్తలు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌కు అంటించాను. ఎత్తులు ఎక్కనివ్వకూడదు. వెచ్చగా ఉంచాలి. చుట్టూ చప్పుడు లేకుండా చూడాలి. రెండేసి గంటలకు తినిపించాలి. తినకపోతే విసుక్కోకుండా బతిమాలాలి. కుట్లు రోజుకు రెండుసార్లు చూడాలి. పెంటికలు వేస్తోందో లేదో కనిపెట్టాలి. ఎప్పుడూ పక్కన ఒకరుండాలి.

అక్షరం పొల్లుపోకుండా అమలుచేశాను! టీవీ నోరు నొక్కేశాను. మిక్సీ వాడకూడదని ఆర్డరు వేశాను. పై ఫ్లాటులో గోడకు మేకు కొడుతుంటే మెట్లెక్కి వెళ్ళి, చేతులు జోడించి, "మా ఇంట్లో ఆపరేషన్ అయిన మనిషి ఉందండీ" అన్నాను. ఆయన ఆ క్షణమే సుత్తి దించేశాడు. కాలింగ్ బెల్లు మీద ప్లాస్టరు అంటించాను. నేలమీద దుప్పటి పరుచుకుని దాని పక్కనే పడుకున్నాను. నా నడుము నొప్పి ఎటుపోయిందో తెలియదు.

కానీ అది తినలేదు.

మర్నాడు పొద్దున్న కూడా తినలేదు. గోడవైపు తిరిగి, ఒళ్ళు ముద్దలా చేసుకుని, పళ్ళు నూరుతూ కూర్చుంది. కుందేలు అలా పళ్ళు నూరితే నొప్పి ఎక్కువగా ఉందని అర్థమట. డాక్టరుకు ఫోను చేశాను. "మందులిస్తున్నారు కదా, ఇంకాస్త చూడండి. మధ్యాహ్నానికి కూడా ఏమీ తినకుండా, పెంటికలు వెయ్యకుండా ఉంటే వెంటనే తీసుకురండి. పేగులు ఆగిపోతే ప్రమాదం" అంది.

సిరంజితో గుజ్జు పెట్టబోతే మొహం తిప్పుకుంది. బతిమాలాను. జీవితంలో ఎవర్నీ అంతలా బతిమాలలేదు. పది అయింది. పదిన్నర అయింది. రెండు కిలోల ప్రాణి. దాని ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు, అది చెప్పలేదు. లోకంలో ప్రతి విషయం మీదా తొమ్మిది వందల మాటలు రాయగలిగినవాణ్ణి, ఆ పూట ఒక్క మాట దొరక్క దుప్పటి మీద కూలబడ్డాను.

మా ఆవిడ వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. దాని రెండు చెవుల మధ్య వేలితో రాసింది. ఒక మెత్తటి తువ్వాలు మడతపెట్టి దాని పక్కకు, కుట్లు నేలకు ఒరుసుకోకుండా సర్దింది.

"నిటారుగా కూర్చోవాలని చూడకే తల్లీ, కుట్టు లాగుతుంది. ఇటు ఒరుగు. ఇలా ఆనుకుంటే కాస్త తగ్గుతుంది" అంది.

అది ఒరిగింది. తువ్వాలుకు ఆనుకుంది. కాసేపటికి పళ్ళు నూరడం ఆగింది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"తెలుసు" అంది. కొత్తిమీర కాడ ఒకటి తుంచి, నోటికి పెట్టకుండా, ఊరికే దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. చెయ్యి దించలేదు. చివరికి అది మెడ చాపి, కాడ కొస కొరికింది. తర్వాత ఇంకో కాడ.

పదకొండూ నలభైకి పెంటికలు వేసింది. ఏడు!

నేను ఎగిరి గంతేశాను. పాఠకులారా, ఆ ఏడు పెంటికలు చూసినప్పుడు కలిగిన ఆనందం నా మొదటి వ్యాసం అచ్చులో చూసుకున్నప్పుడు కూడా కలగలేదు. హాస్టల్‌కు ఫోను చేసి, "అమ్మడూ, ఏడు! గుండ్రంగా ఉన్నాయి!" అని అరిచాను. ఎడిటరుకు కూడా చేశాను. ఆయన ఏమనుకున్నాడో తెలియదు, "దేవుడి దయ" అని పెట్టేశాడు.

ఫోన్లన్నీ అయ్యాక చూస్తే మా ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. ఆ కాగితం చదువుతోంది.

"పన్నెండున్నాయి" అంది.

"పన్నెండూ చేశాను! ఒక్కటి కూడా తప్పలేదు" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

"చూశాను. చాలా బాగా చేశారు." ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. "నాకిచ్చినదాంట్లో తొమ్మిదే ఉండేవి."

"నీకెప్పుడిచ్చారు?"

"చిన్నది పుట్టినప్పుడు. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపించారు కదా, అప్పుడు. బరువులెత్తకూడదు. మెట్లెక్కకూడదు. వేళకు తినాలి. పక్కన ఒకరుండాలి. ఇలాగే వరసగా రాసిచ్చారు."

నేను ఆ వారం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పంతొమ్మిదేళ్ళు. చంటిపిల్ల ఏడుపు గుర్తుంది. దానివల్ల నా రాత పాడవుతోందని తలుపు వేసుకున్నది గుర్తుంది. మేము అప్పుడు ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నీళ్ళ బిందెలు ఎవరు మోశారో గుర్తులేదు. నేను కాదన్నది మాత్రం ఖాయం.

"ఆ కాగితం నాకు చూపించలేదేం?"

"మీ బల్లమీదే పెట్టాను, చూస్తారని."

"నేను చూడలేదా?"

"చూశారు. వెనకవైపు తెల్లగా ఉందని దానిమీద వ్యాసం రాసుకున్నారు."

ఫ్రిజ్ ఒక్కసారి గుర్రుమని ఆగింది. ఆ ఇంట్లో అప్పుడు ఇంకే చప్పుడూ లేదు. చప్పుడు చెయ్యకూడదని ఆర్డరు వేసింది నేనే.

"దేని గురించి?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"స్త్రీల ఓర్పు గురించి. బాగా రాశారండీ. చాలా ఉత్తరాలొచ్చాయి."

నేను వంటింటి స్టూలు లాక్కుని కూర్చున్నాను. "నొప్పి ఎక్కువగా ఉండేదా?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, నిజంగానే అడుగుతున్నానా లేక రాసుకోవడానికా అని తేల్చుకోవడానికి కొంత సమయం తీసుకుంది. తర్వాత ఇంకో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు నుంచీ చెప్పింది. ఆవిడ ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది నా వ్యాసానికి సరుకు కాదు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆ రాతను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసిన పాఠకులు ఇంకా ఎవరైనా ఉంటే, వారికి నాదొక విన్నపం. దయచేసి మీ మెప్పును వెనక్కి తీసుకోండి. అంతగా మెచ్చుకోవాలనిపిస్తే మళ్ళీ రాయండి. కవరు మీద మాత్రం ఆవిడ పేరు ఉండాలి. లేకపోతే పొరపాటున నేను విప్పేస్తాను.